ఊపిరితిత్తులపై రెండవ నీడ

2022 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారమున, తెనాలిలో మా వీధి చివర నివసించు విశ్రాంత ఉపాధ్యాయులొకరు రెండు పెద్ద కవర్లు చంకన బెట్టుకొని మా యింటికి వచ్చిరి. మొదటి కవరు అంచులు నలిగి, తడి తగిలి మాసిన మరకతో ఉన్నది. రెండవది కొత్తది, ఇంకను ఫిల్ము వాసన వీడలేదు. ఆయనకు మొదటి పర్యాయము కరోనా సోకినది 2021 మే నెలలో. ఆనాడు 9 దినములు ఆక్సిజన్ గొట్టముతో మంచముపై నుండి, సీటీ స్కోరు 25కు 14 అని విని ఇంటిల్లిపాదియు తల్లడిల్లిన తరువాత బ్రతికి బయటపడినవారాయన. రెండవ పర్యాయము గొంతునొప్పి, రెండు దినముల జ్వరము, ఒళ్ళునొప్పులు మాత్రమే వచ్చినవి. వేలికి తగిలించు ఆక్సీమీటరు 97కు తక్కువ చూపలేదు. అయినను కుమారుడు భయపడి స్కాను తీయించగా, రిపోర్టులో స్కోరు 25కు 6 అని వచ్చినది.

"నాయనా, జలుబు కన్నా తేలిగ్గా పోయింది గదా! మరి ఇందులో ఆరని రాసుంది. మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి దిగిందంటావా?" అని ఆయన కవరులోని ఫిల్మును తీసి మా కిటికీ వెలుతురుకు అడ్డముగా పట్టి నన్నడిగిరి. పట్టిన చేయి వణకుచున్నది.

మహమ్మారి మూడవ సంవత్సరమున అడుగిడునాటికి ఒకసారి సోకి మానినవారికే మరల సోకుట సామాన్యమైపోయినది. మొదటి పర్యాయపు పటములు ఇంటింట బీరువాలలో పడియున్నవి. రెండవ పర్యాయపు పటమున కనబడు మసక నేటి వ్యాధిదా, నిరుటి వ్యాధి విడిచిపోయిన మచ్చయా అన్నది, పాత పటము ఎదుట లేనిచో, ఎంతటి నిపుణునికైనను తేల్చి చెప్పుట కష్టము. మాస్టారి రిపోర్టులోని 6 అను అంకె సత్యమే. ఎన్నటి 6 అన్నది మాత్రము అందులో లేదు.

తాళపత్రపు కట్ట

కాలేయము, మూత్రపిండము మున్నగునవి నిండు మాంసపు ముద్దలు కాగా, ఊపిరితిత్తి ముప్పాతికకు పైగా గాలియే. ముక్కునుండి దిగిన గాలి శ్వాసనాళమున ప్రవేశించి, ఆ నాళము రెండుగా, ఆ రెండును నాలుగుగా, ఇట్లు ఇరువదికి పైగా తరములు చీలుచు పోగా, తుదకు 30 నుండి 50 కోట్ల వాయుగోణులను చేరును. ఈ సూక్ష్మమైన తిత్తుల గోడలనన్నింటిని విప్పి నేలపై పరచగలిగినచో సుమారు 70 చదరపు మీటర్లు, మన ఇళ్ళస్థలముల లెక్కలో 84 గజములు, నిండును. ఆ గోడ మందమో, తలవెంట్రుకలో నూరవ వంతు. ఆ గోడకు ఈవల గాలి, ఆవల నెత్తురు. నడుమ నున్నది ఆ పలుచని పొర మాత్రమే.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరమున రంట్‌జెన్ పండితుడు కనుగొనిన ఎక్స్‌రే కిరణములు గాలిని సులువుగా దాటిపోవును; నీటియందును మాంసమునందును కొంత నిలిచిపోవును; ఎముకయందు బహుళముగా నిలుచును. కావుననే ఆరోగ్యముగల ఊపిరితిత్తి పటముపై నల్లగా కనబడును. ఆ తిత్తులలో నీరో చీమో కణముల చెత్తయో చేరినచో ఆ మేర తెలుపెక్కును. వైద్యులు వాడుకలో 'నీడ' యనునది, చిత్రమేమనగా, పటముపై తెల్లని మచ్చ.

సామాన్యమైన ఎక్స్‌రేకు ఒక పరిమితి కలదు. ఎదుటి పక్కటెముకలు, గుండె, వెన్నెముక, వెనుకటి ఊపిరితిత్తి అన్నియు ఒకదానిపై నొకటి పడి ఒకే పలకపై అచ్చగును. తాళపత్ర గ్రంథమును కట్ట విప్పకయే దీపమునకు అడ్డుపెట్టి చదువబోయినట్లుండును ఆ పని. కట్ట విప్పి ఆకు తరువాత ఆకు తిరుగవేయు ఉపాయమును కనిపెట్టినవాడు ఇంగ్లాండు దేశపు ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. ఆయన యంత్రముతో 1971 అక్టోబరు 1న లండను నగరములోని వింబుల్డన్‌లో ఒక రోగి మెదడును మొదటిసారిగా పొరపొరగా చూచిరి. కిరణములను ఒక వైపునుండి గాక చుట్టును త్రిప్పుచు పంపి, ప్రతి దిక్కునుండి ఎంత వెలువడినదో కొలిచి, ఆ కొలతలనుండి లోపలి ప్రతి బిందువునందు ఎంత అడ్డు ఉన్నదో గణించుటయే సీటీ స్కాను మర్మము. ఇదే ఆలోచనకు గణితపు పునాది వేసిన అలన్ కార్మాక్‌తోపాటు ఆయనకు 1979లో నోబెల్ బహుమతి లభించినది. ఆనాడు ఒక్కొక్క పొరకు నిమిషములు పట్టినది. నేడు రొమ్మంతయు ఒక్క ఊపిరి బిగబట్టునంతలో మిల్లీమీటరు మందపు పొరలుగా, దోసకాయను చక్రములు తరిగినట్లు, వచ్చి పడును.

[పెట్టెకట్టిన మాట: గాలికి మైనస్ వేయి]
సీటీ పటములోని ప్రతి బిందువునకు ఒక అంకె ఉండును. నీటికి సున్న, గాలికి మైనస్ 1000 అని హౌన్స్‌ఫీల్డ్ పేరిట ఏర్పడిన కొలబద్ద. గాలియు నెత్తురును కలిసియున్న ఆరోగ్యవంతమైన ఊపిరితిత్తి మైనస్ 800 ప్రాంతమున నుండును. వాయుగోణులలో నీరు చేరుకొలది ఆ అంకె సున్న వైపునకు నడచును. మన కంటికి తోచు బూడిదరంగు ఛాయలన్నియు ఈ అంకెలకు పూసిన రంగులే.

పొలముపై మంచు

పుష్యమాసపు తెల్లవారుజామున కృష్ణా కాలువ గట్టుపై నిలిచి మాగాణులవైపు చూచినవారికి కరోనా తొలినాళ్ళ సీటీ పటము వర్ణించి చెప్పవలసిన పని లేదు. పలుచని మంచు పొలమంతయు కప్పియుండును. దాని వెనుక తాటిచెట్లు మసకగానైనను కనబడుచునే యుండును. వైద్యులు దీనిని గ్రౌండ్‌గ్లాస్ అందురు, అనగా అరగదీసిన గాజువంటి మసక. ఊపిరితిత్తి ఆ మేర పలుచగా తెలుపెక్కినను దానిగుండా పోవు రక్తనాళములు ఇంకను గుర్తింపనగును. మంచు మిక్కిలి దట్టమై తాటిచెట్లు సైతము మాయమైనచో, వాయుగోణులు పూర్తిగా నిండి గట్టిపడినవన్నమాట. ఈ రెండిటి నడుమ మసకపై సన్నని గీతలు అల్లుకొని, ఎగుడుదిగుడుగా పరచిన నాపరాళ్ళ నేలవలె కనబడు దశయు ఒకటి కలదు.

ఈ మంచు ఎట్లు పుట్టుచున్నది? వాయుగోణుల గోడలలో రెండు విధముల కణములుండును. ఒకటి పలుచగా పరచుకొని గాలి మార్పిడికి దారి యిచ్చునది. రెండవది గుండ్రనిది, జిడ్డువంటి ఒక ద్రవమును స్రవించునది. కుంకుడురసము కలిపిన నీటి బుడగ పగలక నిలుచునట్లు, ఆ జిడ్డు మూలముగనే తిత్తులు ఊపిరి విడిచినప్పుడు అతుక్కొని పోక తెరచుకొని యుండును. కరోనా వైరస్సు ఏస్-2 అను పిడిని పట్టుకొని చొరబడునది ముఖ్యముగా ఈ రెండవ జాతి కణములలోనికే. అవి చచ్చిన జిడ్డు తగ్గును, తిత్తులు ముడుచుకొనును. దేహరక్షక కణములు అచట మూగును. వాటి పోరున కేశనాళికలు కారి ద్రవము తిత్తులలోనికి ఊరును. ఈ ఊటయే పటముపై మంచు. అది సాధారణముగా రెండు ఊపిరితిత్తులలోను, అంచులయందు, అడుగు భాగములయందు, వీపువైపున మొదలిడును. మొదటి నాలుగైదు దినములు పలుచని మసక, తరువాత వ్యాప్తి, పదవ దినము ప్రాంతమున పతాకస్థాయి, రెండు వారములు దాటిన పిదప మెల్లగా కరుగుట. మొదటిసారి సోకినవారిలో వ్యాధి నడక సామాన్యముగా ఇది.

[పెట్టెకట్టిన మాట: 25 ఎక్కడిది?]
కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు, మొత్తము అయిదు. ఒక్కొక్క తమ్మెలో మసక ఆక్రమించిన మేరను బట్టి సున్న నుండి 5 వరకు మార్కులు: నూటికి 5 పాళ్ళలోపు ఉన్న 1, నాలుగవ వంతు వరకు 2, సగము వరకు 3, ముప్పాతిక వరకు 4, ఆపైన 5. అయిదు తమ్మెలకు అయిదేసి చొప్పున 25. ఈ లెక్క మసక ఎంత మేర పరచుకొన్నదో చెప్పును. ఆ మసక పలుచనిదో దట్టమైనదో, నేటిదో నిరుటిదో చెప్పుటకు ఇందులో చోటు లేదు.

2021 ఏప్రిల్, మే నెలలలో మన రాష్ట్రములందు ఈ అంకె ఇంటింట నోళ్ళలో నానినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ స్కానునకు 3,000 రూపాయలు మించి వసూలు చేయరాదని ఉత్తరువు చేయవలసినంతగా కేంద్రములవద్ద జనము బారులు తీరిరి. కరోనా పరీక్షాఫలము వచ్చులోపల స్కోరు వచ్చుచుండెను గనుక జనమునకు అదియే జాతకమైనది. ఆ భయమును నేను తప్పుపట్టలేను. కాని ఆనాడు నేర్చిన ఆ అలవాటే, స్కోరును చూచి వ్యాధిని అంచనా వేయు ఆ తొందరయే, రెండవ పర్యాయము సోకినవారిని దారి తప్పించినది.

మానిన గాయపు గుర్తులు

మంచు కరిగిన పొలమువలె ఊపిరితిత్తి పూర్వస్థితికి వచ్చుట పెక్కుమందిలో జరుగునదే. తీవ్రముగా జబ్బుపడినవారి సంగతి వేరు. వూహాన్ నగరమున 2020 తొలి నెలలలో ఆసుపత్రినుండి ఇండ్లకు వెళ్ళినవారిలో 144 మందిని రెండేండ్లపాటు వెంబడించి స్కానులు తీయగా, ఆరు నెలలకు నూటికి 54 మంది పటములలో ఏదో యొక శేషము మిగిలియున్నది. ఏడాదికి 42 మందిలో, రెండేండ్లకు 39 మందిలో. మొదటి ఆరు నెలలనుండి ఏడాది వరకు తగ్గుదల వేగముగా ఉండి, తరువాత మందగించుట ఈ అంకెలలో తెలియుచున్నది. 2003లో సార్స్ సోకిన చైనా ఆరోగ్యకార్యకర్తలను 15 ఏండ్లు గమనించినప్పుడును, కోలుకొనుట ముఖ్యముగా మొదటి ఏటనే జరిగి తరువాత నిలకడ చెందినట్లు తేలినది.

ఈ శేషములు తొలినాటి మంచువలె ఉండవు. కాలిన చర్మము మానునప్పుడు బిగుసుకొని చుట్టునున్న దానిని తనవైపు లాగుకొనునట్లు, ఊపిరితిత్తిలోని మచ్చ సన్నని దారములుగా, పట్టీలుగా మారి, ప్రక్కనున్న గాలిగొట్టములను లాగి వెడల్పు చేయును. అంచులు పదునుగా ఉండును. కొన్నిచోట్ల మాత్రము మచ్చ దారములుగా మారక, వెలిసిపోయిన పలుచని మసకగనే నెలల తరబడి నిలుచును. మాస్టారికి వచ్చిన చిక్కు ఇట్టి మసకతోనే. పాతదైన ఈ మసకయు, క్రొత్తదైన వ్యాధి పుట్టించు మసకయు ఒకే బూడిదరంగు.

నిజముగా రెండవసారియేనా?

రెండవసారి సోకుట అసలు కలదా యను సందేహము 2020 ఆగస్టు వరకు పండితులలోనే ఉండెను. హాంకాంగ్‌కు చెందిన 33 ఏండ్ల వ్యక్తి మార్చిలో జబ్బుపడి కోలుకొని, స్పెయిన్ దేశమునుండి తిరిగి వచ్చుచుండగా విమానాశ్రయమున జరిపిన పరీక్షలో మరల వైరస్సు కనబడినది. ఆయనకు ఒక్క లక్షణమును లేదు. 142 దినముల ఎడమున్న ఆ రెండు వైరస్సుల జన్యులిపిని అక్షరమక్షరము పోల్చగా అవి వేర్వేరు వంశములని తేలినది. కొద్ది వారములకు అమెరికాలోని నెవాడా రాష్ట్రమునుండి దీనికి విరుద్ధమైన ఉదంతము వెలువడినది. 25 ఏండ్ల యువకునికి ఏప్రిల్‌లో తేలికగా సోకి, నడుమ రెండు పరీక్షలలో వైరస్సు లేదని తేలి, 48 దినములకు మరల సోకినప్పుడు ఆక్సిజన్ పెట్టవలసి వచ్చినది. ఎక్స్‌రే తీయగా రెండు ఊపిరితిత్తులలోను అక్కడక్కడ మసకలు కనబడినవి. ఒకరికి రెండవసారి గుర్తే లేదు. ఇంకొకరికి మొదటిసారికన్న తీవ్రము. ఈ రెండు ఉదంతములనుబట్టి ఎవ్వరును ఏ సూత్రమును కట్టజాలకపోయిరి.

అందరి వైరస్సుకును జన్యులిపి చదువుట శక్యము కాదు. మన హైదరాబాదులోని సీసీఎంబీ మున్నగు ప్రయోగశాలలు 2020 డిసెంబరులో ఏర్పడిన ఇన్సాకాగ్ కూటమిలో చేరి ఆ పని సాగించినవి గాని, అది కొన్ని మచ్చు నమూనాలకే చెల్లినది. కనుక భారత వైద్య పరిశోధన మండలి పండితులు కాలమునే కొలబద్దగా తీసుకొని, రెండు పాజిటివ్ ఫలముల నడుమ 102 దినములైనను గడచి, ఆ మధ్య ఒక నెగెటివ్ ఫలము ఉన్నచో పునఃసంక్రమణగా పరిగణింపవచ్చుననిరి. చచ్చిన వైరస్సు తునకలు ముక్కులో వారముల తరబడి నిలిచి పరీక్షను మోసగించుట కద్దు గనుక ఈ గడువు అవసరమైనది.

ముక్కు వాకిలి, ఊపిరితిత్తి గర్భగుడి

మొదటి సంక్రమణయో టీకాయో దేహమునకు నేర్పిన పాఠము రెండు చోట్ల నిలుచును. ఒకటి యాంటీబాడీలు. ఇవి నెలలు గడచుకొలది తగ్గును. ముక్కు, గొంతుల పైపొరలో వీటి కాపలా మరింత త్వరగా సడలును. రెండవది స్మృతికణములు. ఇవి దీర్ఘకాలము నిలిచి, శత్రువు కనబడినంతనే కొద్ది దినములలో సైన్యమును సమకూర్చును. కావున వైరస్సు వాకిట కాపలా లేని సమయమున లోపలికి అడుగు పెట్టగలుగును, కాని ముక్కునుండి ఊపిరితిత్తి అడుగునకు దిగుటకు దానికి కావలసిన వ్యవధి చిక్కదు. ఆ లోపలనే స్మృతికణములు మేలుకొనును. మాస్టారికి రెండవసారి గొంతునొప్పితో సరిపోవుటకు ఇది ఒక కారణము.

వైరస్సు మారుట రెండవ కారణము. ఆయనకు జబ్బు చేసిన జనవరి నెలలో దేశమంతట వ్యాపించుచున్నది, 2021 నవంబరు 26న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమిక్రాన్ అని పేరిడిన రూపాంతరము. హాంకాంగ్ విశ్వవిద్యాలయ పండితులు మానవ శ్వాసనాళపు తునకలను, ఊపిరితిత్తి తునకలను ప్రయోగశాలలో ఉంచి వైరస్సులను విడువగా, శ్వాసనాళపు తునకలలో ఒమిక్రాన్ ఒక్క దినమున, అంతకుముందు వ్యాపించిన డెల్టా రూపాంతరముకన్న సుమారు 70 రెట్లు పెరిగినది; ఊపిరితిత్తి తునకలలోనో, తొలినాటి వైరస్సుకన్న పది రెట్లకు పైగా తక్కువ పెరిగినది. ఊపిరితిత్తి కణముల గుమ్మమున సమృద్ధిగా నుండు ఒక ఎంజైమును డెల్టా తాళపుచెవిగా వాడుకొనుచుండగా, ఒమిక్రాన్ దానిని అంతగా ఆశ్రయింపకపోవుట ఇందుకు హేతువని ఎంచిరి. సీటీ పటములును ఇందుకు తగినట్లే మారినవి. ఒమిక్రాన్ సోకి ఆసుపత్రి చేరినవారి పటములలో న్యుమోనియా డెల్టా నాటికన్న అరుదైనది, ఉన్నను తేలికైనది. అంచులను పట్టుకొను పాత పోకడ సడలి, గాలిగొట్టముల గోడలు దళసరి యగుట, వాటి వెంబడి చిన్న మచ్చలు పడుట ఎక్కువైనది. పటమును చదువువారికి ఇది విలువైన ఆనవాలు.

రెండు పరిశోధనలు, ఒకే వరద

రెండవసారి తేలికయా, ప్రమాదమా యన్నదానిపై పత్రికలలో పరస్పర విరుద్ధముగా తోచు వార్తలు వచ్చి జనమును కలవరపెట్టినవి. కతార్ దేశమున మొదటిసారి సోకినవారితో రెండవసారి సోకినవారిని పోల్చగా, ఆసుపత్రి పాలగుట లేక మరణించుట అను ముప్పు రెండవసారి నూటికి 90 పాళ్ళు తక్కువ యని 2021లో తేలినది. మరుసటి ఏడు నవంబరులో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున జియాద్ అల్-అలీ బృందము మాజీ సైనికుల వైద్య రికార్డులను పరిశీలించి, ఒక్కసారి సోకిన 4,43,588 మందితో రెండు లేక అంతకెక్కువ సార్లు సోకిన 40,947 మందిని పోల్చి, రెండవసారి సోకినవారికి మరణపు ముప్పు రెండింతలు, ఆసుపత్రి చేరవలసిన అవసరము మూడింతలు, ఊపిరితిత్తుల బాధలు మూడున్నర రెట్లు అధికమని ప్రకటించినది.

ఇందులో ఏది నిజము? నా దృష్టిలో రెండును నిజములే; అడిగిన ప్రశ్నలు వేరు. కృష్ణకు మొదటి వరద వచ్చి ఊరు మునిగిన తరువాత కరకట్ట ఎత్తు చేసికొన్నారనుకొందము. రెండవ వరదకు నీరు వీధులలోనికి మోకాలి లోతు మాత్రమే వచ్చినది. మొదటి వరదతో పోల్చిన ఇది స్వల్పమే. కతార్ వారు చూచినది ఈ పోలిక. రెండవ వరద అసలు రాని ఎగువ ఊరితో పోల్చిన, మోకాలి లోతు నీరైనను ఒకసారి నాని మెత్తబడిన గోడలకు నష్టమే. అల్-అలీ వారు చూచినది ఆ పోలిక. వారు పరిశీలించిన మాజీ సైనికులు ఎక్కువగా వయసు మీరిన పురుషులు, అప్పటికే పలు రుగ్మతలు గలవారు అన్న సంగతియు మరువరాదు; ఇంటివద్దనే మానిపోయి ఏ రికార్డుకును ఎక్కని తేలిక జబ్బులు ఇట్టి లెక్కలలో చేరవు. రెండవసారి తేలికగా పోవుననుట సర్వసాధారణముగా సత్యము. అందువలన రెండవసారి రానిచ్చిన నేమి యనుట మాత్రము ఆ సత్యమునుండి పుట్టదు.

పటమును చదువు విద్య

మాస్టారి రెండు కవర్లను, వాటితోడి డిస్కులను గుంటూరులో నాకు తెలిసిన రేడియాలజిస్టు వద్దకు తీసికొని వెళ్ళితిమి. చీకటిగదిలో ఆయన ప్రక్కప్రక్కన రెండు తెరలు పెట్టుకొని, ఎడమవైపున మే నెలది, కుడివైపున జనవరిది తెరచి, మొదట మసకలను గాక గాలిగొట్టములు చీలు తావును రెండిటను వెదకి, ఆ పొరలు సమానము చేసికొనిరి. ఆ తరువాతనే చక్రము త్రిప్పుచు క్రిందికి దిగిరి. రెండు పటములును ఒకే ఎత్తున, ఒకే లోతు ఊపిరిలో చూడనిచో పోలిక వట్టిదని ఆయన చెప్పిరి. ఊపిరి నిండ పీల్చక స్కాను తీయించుకొన్నవాని తిత్తులు ముడుచుకొని, వ్యాధి లేకున్నను మసక తోచును. వెల్లకిల పడుకొన్నవారికి వీపువైపున నెత్తురు బరువుచే సన్నని తెలుపు ఏర్పడును. అది వ్యాధియో భారమో తెలియనిచో బోర్ల పడుకొనబెట్టి మరల తీయుదురు, భారమైనచో మాయమగును.

ఆయన వ్రేలితో చూపిన వరుస ఇది. కుడి అడుగు తమ్మెలో వీపువైపున నున్న పట్టీ మే నెలలో అరచేయంత మంచు. ఇప్పుడు అదే చోట చిటికెనవ్రేలంత గీతయై, తన ప్రక్కనున్న గొట్టమును లాగుకొనియున్నది. ఎడమవైపు అంచున నున్న వెలిసిన మసక మే నెల పటములో దట్టముగా ఉండిన దాని శేషము. ఇట్లు నాలుగు చోట్లు పాతవి. ఎడమ అడుగు తమ్మెలో ఒక గాలిగొట్టమును ఆనుకొని రేగుపండంత మెత్తని మసక యొకటి మాత్రము మే నెల పటమున అదే చోట లేదు. దానివద్ద ఆయన చాలసేపు ఆగిరి. ముందుకు త్రిప్పి, వెనుకకు త్రిప్పి, "ఇదొక్కటే కొత్తది. మిగతాదంతా పోయిన మే నెలదే మాస్టారూ" అనిరి. 25కు 6లో ఈ జనవరి వంతు 1 మాత్రమే.

ఈ పోలిక సైతము తప్పుదారి పట్టించు సందర్భములు కలవు. రిటుక్సిమాబ్ వంటి మందులచే బి-కణములు లోపించినవారిలో, అవయవమార్పిడి చేయించుకొన్నవారిలో, వైరస్సు పూర్తిగా తొలగక నెలల తరబడి నిలిచిపోవును. వారి పటములలో ఒకచోట మసక కరుగుచుండగా మరియొకచోట క్రొత్తది లేచును. చూచువారికి మరల మరల సోకుచున్నట్లే తోచును. నిజమునకు అది మొదటి అతిథియే ఇల్లు విడువక గదులు మారుట. ఇచట పటము చాలదు, జన్యులిపి చదువవలసినదే.

పటమునకు అందనిది

సీటీ చూపునది ఆకారము. గాలి నెత్తురులోనికి దాటుచున్నదా లేదా యన్న పనిని అది చూపజాలదు. పటమంతయు నల్లగా, నిర్మలముగా ఉన్నను మెట్లెక్కునప్పుడు ఆయాసపడువారు కోలుకొన్నవారిలో ఎందరో కలరు. వారి మాటను భ్రమయని కొట్టివేసిన సందర్భములు నన్ను బాధించినవి. ఆక్స్‌ఫర్డ్‌లో ఫెర్గస్ గ్లీసన్, షెఫీల్డ్‌లో జిమ్ వైల్డ్ మున్నగువారు దీనికొక మార్గము చూపిరి. జెనాన్ అను వాయువును లేజరు కాంతి సాయమున ప్రత్యేకముగా సిద్ధపరచి ఒక్క గుక్క పీల్పించి, ఎమ్మారై యంత్రములో చూచెదరు. ఆ వాయువు తిత్తిలో ఉన్నప్పుడు ఒక శ్రుతిలో, గోడలో కరిగినప్పుడు ఇంకొక శ్రుతిలో, ఎర్రకణమును చేరినప్పుడు మూడవ శ్రుతిలో పలుకును. మూడు శ్రుతుల బలములను పోల్చిన గోడ దాటుటలో ఎక్కడ అడ్డు ఉన్నదో తెలియును. ఆసుపత్రినుండి ఇల్లు చేరి నెలలు గడచినవారిలో, సీటీ దాదాపు నిర్దోషముగా ఉన్నవారిలో సైతము, నెత్తురును చేరు వాయువు తగ్గియుండుట దీనిచే బయటపడినది. మన ఊళ్ళలో ఈ యంత్రము లేదు గాని, ఆరు నిమిషములలో ఎంత దూరము నడవగలడో కొలుచుట, నడక ముందును తరువాతను ఆక్సీమీటరు చూచుట, ఊపిరితిత్తుల వాయుమార్పిడి సామర్థ్యమును ఊదించి కొలుచుట అందుబాటులో నున్నవే.

కిరణముల సంగతి యొకటి మిగిలినది. 2021 మే మొదటి వారమున అప్పటి ఎయిమ్స్ అధిపతి రణదీప్ గులేరియా ఒక్క సీటీ 300, 400 ఎక్స్‌రేలకు సమానమనగా రేడియాలజిస్టులు అభ్యంతరము తెలిపిరి. రొమ్ము సీటీకి సామాన్యముగా 6 మిల్లీసీవర్టుల ప్రాంతమున కిరణములు సోకును. నూతన యంత్రములలో మోతాదు తగ్గించి తీసినచో 1.5 వరకు దిగును. ఎక్స్‌రేకు పుస్తకములలో 0.02 అనియు 0.1 అనియు ఉన్నది. దేనితో భాగించితిరన్నదానిని బట్టి 15 మొదలు 300 వరకు ఏ జవాబైనను వచ్చును. భూమినుండి, ఆకాశమునుండి ప్రతివానికి ఏటేట సహజముగా సోకునది సగటున 2.4. అక్కరపడినప్పుడు ఒక స్కానుకు వెనుకాడవలసినంత ముప్పు ఇందులో లేదు. ఆక్సిజన్ 97 ఉండి గొంతునొప్పి మాత్రమే కలవానికి సంక్రాంతికొకటి, ఉగాదికొకటి తీయుటకు ఏ న్యాయమును లేదు.

రేడియాలజిస్టు ఆ రేగుపండంత మసకకు మరల స్కాను వ్రాయలేదు. ఆయాసము వచ్చినను, నడచినప్పుడు ఆక్సిజన్ 94కు దిగినను రమ్మనిరి. లేనిచో మూడు నెలల తరువాత ఆరు నిమిషముల నడక పరీక్షకు చాలుననిరి. ఏప్రిల్‌లో మాస్టారు వరండాలో ఆక్సీమీటరు తగిలించుకొని నడచినప్పుడు నేనును ప్రక్కన నడచితిని. 96తో మొదలై, తుదకు 95 చూపినది. ఇంటికి వచ్చి ఆయన ఆ రెండు కవర్లను ఒకే గుడ్డసంచిలో చేర్చి, పాతదానిపై '2021 మే' అనియు, క్రొత్తదానిపై '2022 జనవరి' అనియు, నల్లబల్లపై వ్రాయు అలవాటున్న గుండ్రని పెద్ద అక్షరములతో వ్రాసి, బీరువాలో ఇంటి దస్తావేజుల ప్రక్కన పెట్టించిరి.